మీకు తెలుసా? హిందూపురానికి మూడు, ధర్మవరానికి మూడు, పెనుకొండకు సున్నా

కొత్తగా రాబోయే ఎఫ్‌ఎం స్టేషన్ల జాబితాలో హిందూపురం, ధర్మవరం రెండూ ఉన్నాయని మీకు తెలుసా? 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం, అప్పటిదాకా ప్రైవేటు ఎఫ్‌ఎం అడుగుపెట్టని 234 ఊళ్లలో 730 ఛానెళ్లను వేలం వేయడానికి ఒప్పుకుంది. అన్నిటికీ కలిపి కనీస ధర 784.87 కోట్ల రూపాయలు. ఆంధ్రప్రదేశ్ వాటాకు 22 పట్టణాలు వచ్చాయి. హిందూపురానికి మూడు ఛానెళ్లు, ధర్మవరానికి మూడు. రెండు ఊళ్లూ లక్ష జనాభా ఎప్పుడో దాటినవే. ధర్మవరం నుంచి బెంగళూరు పోయే రైలు దారిలో ఆ రెంటి నడుమ వచ్చే పెనుకొండ పేరు మాత్రం జాబితాలో లేదు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు, జనాభా లెక్కల్లో చిన్నదైపోయింది.

ఈ వేలం వల్ల మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు వస్తాయని, ఊరి యాసకూ సంస్కృతికీ బలం చేకూరుతుందని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట నిజం కావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈసారి ఈ శీర్షిక మొత్తం రేడియోలో మాట్లాడే మనిషి గురించి.

*

ప్రసార స్తంభం మన ఊళ్లో ఉండి, గొంతు ఇంకో ఊళ్లో ఉండొచ్చని తెలుసా? నిబంధనలే అందుకు దారి ఇస్తాయి. 2005లో వచ్చిన ఎఫ్‌ఎం రెండో దశ విధానంలో ఒకచోట తయారైన కార్యక్రమాన్ని ఇంకోచోట వినిపించడానికి చిన్న ఊళ్లకు మాత్రమే, అదీ ఒక ప్రాంతం లోపలే అనుమతి ఉండేది. 2011లో వచ్చిన మూడో దశలో ఆ కంచె తీసేశారు. ఒక సంస్థ తన స్టేషన్లన్నిటికీ, దేశంలో అవి ఎక్కడున్నా, ఒకే కార్యక్రమాన్ని పంచవచ్చు. చిన్న ఊళ్లో స్టేషన్ పెట్టినవాడికి ఇది పెద్ద ఊరట, కాదనను. ప్రకటనల రాబడి తక్కువగా ఉన్నచోట నలుగురు యాంకర్లకు జీతాలివ్వడం తేలిక కాదు. కానీ ఊరట అలవాటైతే హిందూపురం స్టేషన్‌లో మిగిలేది ఒక ట్రాన్స్‌మిటరు, ఒక ఏసీ గది, ఒక కాపలా మనిషి.

*

మీరు రేడియోలో "ఇప్పుడే" అన్న మాట వింటారే, అది నిన్న రికార్డు చేసినదై ఉండొచ్చు. పాటలు ముందే కంప్యూటరులో వరసగా పేర్చి ఉంటాయి. యాంకరు కూర్చుని ఒక్కో పాటకు ముందూ వెనకా చెప్పాల్సిన రెండు మూడు వాక్యాలు మాత్రం గబగబా పలికి వెళ్లిపోతారు. మధ్యలో పాటలు వినక్కర్లేదు కాబట్టి నాలుగు గంటల కార్యక్రమానికి కావలసిన మాటలు అందులో చిన్న భాగం సమయంలోనే పూర్తవుతాయి. కంప్యూటరు వాటిని పాటల మధ్య అతికిస్తుంది. అమెరికాలో దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. ఒకే మనిషి ఒకే పూట నాలుగైదు ఊళ్ల యాంకరు కావచ్చు. ప్రతి ఊరివాళ్లూ ఆయన తమ ఊళ్లోనే ఉన్నాడనుకుంటారు.

*

ఈ ప్రాంతంలో పేర్లతోనే చిక్కు ఉంది. పరిగి అనగానే హైదరాబాదులో కూర్చున్న యాంకరుకు వికారాబాదు దగ్గరి పరిగి గుర్తొస్తుంది. హిందూపురం మనిషికి పరిగి అంటే పక్క మండలం. గోరంట్ల అంటే గుంటూరువాళ్లకు తమ ఊరి చివరి గోరంట్ల, మనకు పుట్టపర్తి వైపు గోరంట్ల. గుడిబండ అంటే మడకశిర పక్కన ఒకటి, సరిహద్దు దాటి కర్ణాటకలో ఇంకొకటి. "పరిగి దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్టు పడింది" అని చెప్పాలంటే ఏ పరిగో తెలిసిన మనిషి మైకు ముందు ఉండాలి.

భాష సంగతి ఇంకా సూక్ష్మం. హిందూపురం నుంచి గౌరిబిదనూరు కూతవేటు దూరం. సంతకు వచ్చేవాళ్లలో సగం మాట కన్నడం, సగం తెలుగు, కొన్ని వీధుల్లో ఉర్దూ. "ఏమప్పా, యాడికి పోతాండావు?" అని పలకరిస్తే ఇక్కడ మనిషి తల తిప్పుతాడు. అదే వాక్యాన్ని దూరాన కూర్చున్నవాళ్లు నవ్వించడానికి పలికితే అదే మనిషి రేడియో కట్టేస్తాడు. యాసను ఇంటి మాటగా పలకడం వేరు, వేషంగా వేసుకోవడం వేరు. సినిమాల్లో సీమ యాసకు ఎన్నేళ్లుగా ఏం జరుగుతోందో చూస్తున్నాం. రేడియోలో కూడా అలాగే జరగకూడదు.

*

ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదని చాలామందికి తెలుసు. మూడో దశలో ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించడానికి మాత్రమే వీలిచ్చారు. కానీ వార్తల కిందకు రానివి ఏమిటో కూడా ఆ విధానంలోనే రాసి ఉంది. ట్రాఫిక్, వాతావరణం, పండుగలు, పరీక్షలు, ఫలితాలు, ఉద్యోగ అవకాశాలు, స్థానిక అధికారులు చెప్పిన కరెంటు, నీటి సరఫరా సమాచారం, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు. ఇవన్నీ చెప్పొచ్చు.

ఈ జాబితాను హిందూపురంలో నిలబడి చదవండి. ఏళ్ల తరబడి కుళాయి వైపు చూస్తూ బతికిన ఊరు ఇది. పెనుకొండ మండలంలోని గొల్లపల్లి రిజర్వాయరు నుంచి పైపులైను వేశాక కదా కాస్త ఊపిరి పీల్చుకుంది. ఏ వార్డుకు ఏ పూట నీళ్లు వదులుతారో పొద్దున్నే రేడియోలో ఒక గొంతు చెబితే, ఆ గొంతును ఈ ఊళ్లో ఎవరూ వదులుకోరు. చింతపండు మార్కెట్టు ఏ రోజు సెలవో, పట్టుగూళ్ల మార్కెట్టులో ఆ పూట ధర ఎట్లా పలికిందో కూడా అంతే. మడకశిర నుంచి గూళ్ల బస్తాలు వేసుకుని తెల్లవారకముందే బయల్దేరే రైతుకు ఇది పాటకంటే ముందు కావలసిన మాట. దూరపు స్టూడియోలో తయారై ఉపగ్రహం నుంచి దిగే కార్యక్రమంలో ఈ మాట ఎప్పటికీ రాదు, ఎందుకంటే అదే కార్యక్రమాన్ని ఇంకో ముప్పై ఊళ్లు వింటుంటాయి.

ధర్మవరంలో లెక్క ఇంకొకటి. మగ్గం మీద కూర్చున్న మనిషికి చేతులు ఖాళీ ఉండవు, కాళ్లు ఖాళీ ఉండవు, కళ్లు పోగు మీద ఉండాలి. మిగిలింది చెవులే. రేడియోకు ఇంతకంటే నమ్మకమైన శ్రోత ఎక్కడ దొరుకుతాడు? పట్టు ముడిసరుకు ధర, అంచు మీద కొత్తగా అడుగుతున్న బుటా, పక్క వీధిలో పిల్ల పెళ్లి, సహకార సంఘం సమావేశం, ఇవన్నీ ఆ చెవులకు చేరాల్సిన సంగతులు.

*

ఉపగ్రహ రేడియోకు పుట్టపర్తి పాత చిరునామా అని తెలుసా? 2001 నవంబరు 23న, సత్యసాయిబాబా పుట్టినరోజున, రేడియో సాయి గ్లోబల్ హార్మనీ మొదలైంది. వరల్డ్‌స్పేస్ అనే సంస్థకు చెందిన ఆసియాస్టార్ ఉపగ్రహం ద్వారా అది ఎన్నో దేశాలకు వినిపించేది. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఉన్న ఊరి భజన ఆకాశానికి ఎక్కి ఆసియా అంతటా దిగింది.

వరల్డ్‌స్పేస్ కథ కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా స్థాపించిన సంస్థ అది. ఆఫ్రికా కోసం 1998లో ఒక ఉపగ్రహం, ఆసియా కోసం 2000 మార్చిలో ఇంకొకటి పంపారు. భారతదేశంలో బెంగళూరు కేంద్రంగా నడిచింది. మన భాషకు 'స్పందన' అనే ఛానెల్ ఉండేది. కన్నడానికి 'స్పర్శ', కర్ణాటక సంగీతానికి 'శ్రుతి', హిందుస్థానీకి 'గంధర్వ'. ప్రకటనల్లో ఏ.ఆర్.రెహమాన్ కనిపించేవారు. ప్రత్యేకమైన రేడియో కొనాలి, దాని యాంటెన్నాను కిటికీలోంచి ఆకాశం వైపు తిప్పి పెట్టాలి, చందా కట్టాలి. మంచి సంగీతం గుక్క తిప్పుకోకుండా వచ్చేది. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు, ఇప్పటికీ తలుచుకుంటారు.

2008లో మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. ఊళ్లో స్టేషన్ మూతపడితే ఎవరో ఒకరు తలుపు తట్టి అడగొచ్చు. ఆకాశంలో స్టేషన్ మూతపడితే అడగడానికి తలుపు ఉండదు. డబ్బు పోసి కొన్న పెట్టెలు అల్మారాల్లోకి చేరాయి. రేడియో సాయి ఇంటర్నెట్ దారి పట్టి కొనసాగింది.

*

హైదరాబాదు నుంచి హిందూపురానికి బస్సులో ఒక రాత్రి ప్రయాణం. అక్కడి స్టూడియోలో వేసిన పాట ఉపగ్రహం మీదుగా వస్తే దాదాపు 72,000 కిలోమీటర్లు తిరిగి వస్తుంది. భూమి తిరిగే వేగంతోనే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున. పైకి అంత, కిందికి అంత. కాంతి వేగంతో పోయినా పావు సెకను పడుతుంది.

*

'ఆకాశవాణి' అన్న పేరు ఒక ఇంట్లో పుట్టింది. మైసూరులో మనస్తత్వశాస్త్రం బోధించే ఆచార్యుడు ఎం.వి.గోపాలస్వామి 1935లో తన ఇంట్లోనే చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టుకుని ప్రసారాలు మొదలుపెట్టారు. ఆ స్టేషన్‌కు ఆకాశవాణి అని పేరు. తర్వాత దేశం మొత్తం రేడియోకు అదే పేరైంది. దేశానికి గొంతునిచ్చిన పేరు ఒక ఊరివాళ్ల కోసం నడిచిన రేడియోది కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

*

పాటల రేడియోలో దూరపు గొంతు గెలిచిన కథ కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినిపించకుండా పోయాయి. శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. హిందీవాళ్లకు అమీన్ సయానీ, తెలుగువాళ్లకు మీనాక్షి పొన్నుదురై. కొలంబోలో కూర్చుని ఆమె తెలుగు పాటలు వినిపిస్తుంటే సముద్రం ఇవతల ఇళ్లలో షార్ట్‌వేవ్ గరగరల మధ్య చెవులు రిక్కించి వినేవాళ్లు. మరి ఆమె ఈ ఊరి మనిషి కాదే? అయినా ఎందుకు మనదైంది? ఉత్తరం రాసినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్ల పేర్లు పలికేది కాబట్టి. ఎక్కడో ఒక తెలుగు పల్లెలో పోస్టుకార్డు రాసిన పిల్ల, తన పేరు సముద్రం దాటి వెళ్లి తిరిగి రావడం విన్నది. ఆ పిల్లకు కొలంబో దగ్గర. మైళ్లు లెక్కలోకి రావు, వినేది ఎవరో మాట్లాడే మనిషికి తెలియడమే లెక్క.

ఆ పోటీకి జవాబుగానే 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి వచ్చింది. మొదట్లో అది కూడా ఒకచోట రికార్డు చేసి, టేపులు నకళ్లు తీసి స్టేషన్లకు పంపిన కార్యక్రమమే. తర్వాత టేపుల పని ఉపగ్రహం అందుకుంది. 1983 ఆగస్టులో చాలెంజర్ వ్యోమనౌక ఆకాశంలో వదిలిన ఇన్సాట్-1బి రేడియో స్టేషన్లను కూడా ఒకదానితో ఒకటి కలిపింది. ఢిల్లీ వార్తలు, బొంబాయి పాటలు అన్ని ఊళ్లలో ఒకే క్షణాన స్పష్టంగా వినిపించడం మొదలైంది. ఇది చిన్న మేలు కాదు.

అదే దశకంలో ఆకాశవాణి ఇంకో వైపు కూడా అడుగు వేసింది. 1984 అక్టోబరు 30న నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం తెరిచారు. ఒక జిల్లా చుట్టూ తిరిగే రేడియో, ఆ జిల్లా గొంతులతోనే. మన వైపు అనంతపురానికి వచ్చిన కేంద్రం ఆ కోవలోదే. 101.7 మెగాహెర్ట్జ్. అక్కడ సేద్యం గురించి మాట్లాడేవాళ్లకు చెనిక్కాయ పంట అంటే ఏమిటో, వాన ఒక వారం వెనక్కి పోతే ఏమవుతుందో ఎవరూ నేర్పక్కర్లేదు.

*

2023 ఏప్రిల్ 28న ఒకే రోజు 91 కొత్త ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి. 84 జిల్లాల్లో, ఒక్కొక్కటి 100 వాట్లు. రేడియో అందని చోట్లకు రేడియో వచ్చింది, సంతోషం. అయితే ఇవి పైనుంచి వచ్చిన కార్యక్రమాన్ని అందుకుని చుట్టుపక్కలకు పంచేవి. స్టూడియో, మైకు వేరేచోట ఉంటాయి.

*

మైకు ఖాళీగా ఉంటే ఏమవుతుంది? అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అనే ఊరుంది. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక ఆ ఊరి పక్కన రైలు పట్టాలు తప్పి, అమ్మోనియా వాయువు మబ్బులా కమ్ముకుంది. ఒకరు చనిపోయారు, వందల మంది ఆస్పత్రులకు వెళ్లారు. ఊళ్లోని ఆరు వాణిజ్య రేడియో స్టేషన్లూ అప్పటికి ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. పోలీసులు స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని, జనం రేడియో పెడితే పాటలే వచ్చాయని ఆ తర్వాత పెద్ద చర్చ జరిగింది. హెచ్చరిక యంత్రాలు సరిగా పనిచేయలేదని సంస్థ వాదన. తప్పెవరిదన్నది అక్కడివాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. ఆ రాత్రి ఊరికి కావలసింది ఒక గొంతు, అది దొరకలేదు.

ఇది దూరపు కథ అనుకోకండి. 2021 నవంబరులో మన చిత్రావతి నది పొంగింది. ఎండిన ఇసుక తప్ప నీళ్లు చూడని పిల్లలు మొదటిసారి ఏరును ఏరులా చూశారు. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నీటి నడుమ చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకెళ్లింది. కరువు సీమ కదా, వరద హెచ్చరిక ఎందుకు అనుకునే చోట ఇది జరిగింది. అటువంటి రాత్రి ఏ వంక ఏ రోడ్డు మీదికి ఎక్కుతుందో, ఏ చెరువు కట్ట బలహీనమో తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. వాళ్ల మాట పదిమందికీ అందించే మైకు ఊళ్లో ఉండాలి.

*

ఇప్పుడు పెనుకొండ సంగతి. ఎఫ్‌ఎం జాబితాలో పేరు లేని ఈ ఊరి పక్కనే, ఎర్రమంచి దగ్గర, కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో ఉత్పత్తి మొదలైంది. 2023 జులైలో పదిలక్షలవ కారు బయటికొచ్చింది. కార్ల డ్యాష్‌బోర్డులో రేడియో ఉంటుంది కదా. అంటే దేశమంతటికీ లక్షల రేడియోలు పంపుతున్న ఊరికి తన స్టేషన్ లేదు. ఇక్కడ తయారైన కారులో ఇక్కడివాళ్లే ఎక్కి బెంగళూరు వైపు పోతే, బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం దగ్గరపడేకొద్దీ కన్నడ ఎఫ్‌ఎం గొంతులు తేటపడతాయి. దేశంలో మొట్టమొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం 2001 జులైలో మొదలైంది ఆ బెంగళూరులోనే.

అయితే పెనుకొండ వేలం కోసం ఎదురుచూడాల్సిన పని లేదని తెలుసా? సామాజిక రేడియో అనే దారి ఉంది. మొదట విద్యాసంస్థలకే ఇచ్చిన ఈ అనుమతిని 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ తెరిచారు. లాభం కోసం కాకుండా, ఆ ప్రాంతంలో కనీసం మూడేళ్లు పనిచేసిన సంస్థ అయితే అడగవచ్చు. ట్రాన్స్‌మిటరు చిన్నది, స్తంభం పొట్టిది, ఒక మండలం చుట్టూ వినిపిస్తే చాలు.

ఇది కాగితం మీద మాట కాదు. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. 90.4 మెగాహెర్ట్జ్. నడిపింది దళిత మహిళా రైతులు. ఇద్దరు నర్సమ్మలు, ఒకరు 'జనరల్' నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ, రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ తామే చూసుకున్నారు. విత్తనాల మాట, చిరుధాన్యాల మాట, పెళ్లి పాట, కోత పాట, అన్నీ తమ పలుకుబడిలోనే. ఎవరి తెలుగునూ అనుకరించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

ఆ 2006 మార్గదర్శకాల్లో రెండు వాక్యాలు పెనుకొండవాళ్లు, సోమందేపల్లివాళ్లు, రొద్దంవాళ్లు కూర్చుని చదువుకోవాలి. కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలని ఒకటి. కార్యక్రమాలు వీలైనంతవరకు స్థానిక భాషలో, స్థానిక యాసలో ఉండాలని రెండోది.